సూర్యప్రభ బ్యాండు వారి నిశ్శబ్దం

హైదరాబాదు నగరంలో సంగీతానికి ఎటువంటి కొరతా లేదనీ, కొరత ఉన్నదల్లా ఇంతవరకూ ఎవరూ వినని సంగీతానికేననీ పందొమ్మిదివందల డెబ్బయ్యారులో పెద్దలు కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోకుండా దానికొక మండలిని కూడా వేశారు. దానికి నవ్య నాద అన్వేషణ మండలి అని పేరు పెట్టి, మదీనా చౌరస్తా దగ్గర ఒక పాత నవాబు దేవిడీ మేడమీద గదులు అద్దెకు తీసుకుని, బల్లలు, బీరువాలు, ఒక మంచినీళ్ల కూజా, ఒక అన్వేషణాధికారిని ఏర్పాటు చేశారు. (చెవులకు విడిగా నిధులు కేటాయించలేదు.) నగరంలో ఏ మూల ఏ కళాకారుడు ఎవరికీ తెలియకుండా కొత్త సంగీతం పుట్టిస్తున్నా సరే, వాణ్ణి వెతికి పట్టుకుని, గుర్తించి, శాలువా కప్పి ఇంటికి పంపించడం మండలి ఆశయం.

రెండేళ్లు గడిచాయి. మండలి ఎవరినీ పట్టుకోలేదు. కళాకారులు లేక కాదు, నిబంధనలు ఉండి. మొదటి నిబంధన ప్రకారం గుర్తింపు కోరే సంగీతాన్ని అంతకుముందు ఎవరూ విని ఉండకూడదు. రెండో నిబంధన ప్రకారం అది వినసొంపుగా ఉందని ఇద్దరు గెజిటెడ్ అధికారులు స్వయంగా విని ధ్రువీకరించాలి. ఈ రెండింటినీ ఒకే ప్యూను ఒకే రోజున ఒకే గోడకు పక్కపక్కనే అంటించాడు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

శాలిబండ నుంచి వచ్చిన రంగనాథ్ ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. రంగనాథ్ అంటే శ్రీ సూర్యప్రభ బ్రాస్ బ్యాండుకు యజమాని, అందులో క్లారినెట్ వాయించే మాస్టరు, ఎర్రకోట్లకు బొత్తాలూడితే కుట్టించే బాధ్యుడు. సూర్యప్రభ ఆయన భార్య. పేరు పెట్టమని ఆమె అడగలేదు. పైపెచ్చు తన పేరు రాసి ఉన్న పెద్ద డోలును పరాయి మగవాడు నడిబజారులో కర్రతో బాదడం ఆమెకు మొదట్నుంచీ నచ్చలేదు.

రంగనాథ్ దగ్గర ఒక బాణీ ఉంది. పెళ్లిళ్లు లేని ఒక వానాకాలం మధ్యాహ్నం, కొత్తగా వేసిన రీడు పలుకుతుందో లేదో చూద్దామని క్లారినెట్ నోట్లో పెట్టుకుంటే అది దానంతటదే వచ్చింది. కిందినుంచి మొదలై, మెట్లెక్కుతున్నట్టు ఎక్కి, ఆఖరి మెట్టు దగ్గర ఏదో మరిచిపోయినట్టు ఆగి, మళ్లీ దాన్ని వెతుక్కుంటూ కిందికి దిగేది. అది ఏ రాగమో ఆయనకు తెలియదు. ఎవరి దగ్గరా ఎత్తుకొచ్చింది కాదని మాత్రం తెలుసు. దాన్ని మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి నలుగురి ముందు వాయించాలి, వాళ్లు వినాలి. రంగనాథ్‌కు లోకంలో అంతకుమించి కోరిక లేదు.

కోరిక చిన్నదే గానీ లోకం పెళ్లిళ్లతో నిండి ఉంది. ఏ బరాత్‌లోనైనా సందు చూసుకుని ఆ బాణీ ఎత్తుకున్నాడో లేదో, పెళ్లికొడుకు మేనమామ ఒకడు (ప్రతి బరాత్‌కూ ఒకడుంటాడు, పెట్రోమాక్స్ లైట్లతో పాటు వస్తాడు) ముందుకొచ్చి, "గిది ఏ సిన్మాలది?" అని అడిగేవాడు. ఏ సినిమాలోదీ కాదంటే, "మరెందుకు వాయిస్తున్నవ్?" అనేవాడు. ఈ ప్రశ్నకు రంగనాథ్ పదేళ్లుగా జవాబు వెతుకుతున్నాడు.

అందుకే మండలి సంగతి విని మేడ మెట్లెక్కాడు.

అన్వేషణాధికారి జగన్నాథరావు గారు తెనాలి మనిషి. సంగీత జ్ఞానం లేకపోవడం ఆ ఉద్యోగానికి ప్రధాన అర్హత (ఉంటే పక్షపాతం వస్తుందని). ఆ అర్హతలో ఆయన మిగతా అభ్యర్థులెవరికీ అందలేదు. స్వతహాగా మంచివాడు. కానీ ఈ మార్చి నెలాఖరుకల్లా ఒక్క కొత్త సంగీతమైనా దొరక్కపోతే పశుసంవర్ధక శాఖకు బదిలీ చేస్తామని పైనుంచి కబురొచ్చింది. ఆయనకు చిన్నప్పటినుంచీ గేదెలంటే భయం. రంగనాథ్‌ను చూడగానే ఆయన లేచి నిలబడి, స్వయంగా కూజాలో నీళ్లు వంచి ఇచ్చారు.

"ఈ బాణీ ఇదివరకు ఎవరైనా విన్నారా అండీ?"

"ఎవ్వరు ఇనలేదు సార్. ఎక్కడ ఇననిస్తున్నరు?"

"చాలా సంతోషం. మరి బాగుంటుందని మీకెలా తెలుసు?"

"నేను ఇన్న గద సార్."

జగన్నాథరావు గారు కలం కింద పెట్టారు. "అంటే ఒకరు విన్నారన్నమాట" అన్నారు దిగులుగా.

చాలాసేపు ఇద్దరూ తల పట్టుకు కూర్చున్నారు. వాయించేవాడు వినడం వృత్తిరీత్యా తప్పనిసరి కాబట్టి దాన్ని వినడంగా పరిగణించనక్కరలేదని చివరికి జగన్నాథరావు గారికే తట్టింది. ఆ మాట రాసుకుని తేలికపడి, ఇంట్లో ఇంకెవరుంటారని అడిగారు.

"మా ఇంటామె సార్."

"ఆవిడ విన్నారా?"

"రెండర్రల ఇల్లు సార్. ఇనకపోతే ఏడికి పోతది?"

ఆవిడ వినలేదని స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం దాఖలు చేస్తే తప్ప దరఖాస్తు ముందుకు కదలదని తేలింది.

రంగనాథ్ కాగితం పట్టుకుని ఇంటికి వచ్చేసరికి సూర్యప్రభ గోంగూర ఆకు తెంపుతోంది. సంగతంతా చెప్పాడు.

"నేను ఇనలేదా?" అంది ఆమె. "కూర కాడ అదే, పక్క కాడ అదే. నిద్రల సుత చెవుల పడి మోగుతది."

"ఇనలేదని దస్తఖత్ చెయ్యాలె."

"అబద్ధం రాయాల్నా?"

"గవర్నమెంటుకే."

"గవర్నమెంటుకైతే సరే గని" అని ఆమె చేతులు కడుక్కుని వచ్చి, తన భర్త వాయించు సదరు బాణీని తాను ఏనాడూ విని ఉండలేదనీ, ఇకముందు కూడా వినబోననీ, ఎక్కడైనా వినబడినా అది తన భర్తదని గుర్తించబోననీ సంతకం చేసింది. నోటరీ వకీలు ముద్ర వేస్తూ, ఇటువంటి కాగితం మీద అబద్ధమాడకుండానే సంతకం చేయగల అదృష్టవంతులు బస్తీలో ఎంతమందో ఉన్నారని నిట్టూర్చాడు.

ఇక పరీక్ష మిగిలింది. మూడో నిబంధన ప్రకారం ఏ సంగీతాన్నయినా దాని సహజ పరిసరాల్లోనే వినాలి. బ్రాస్ బ్యాండుకు సహజ పరిసరాలంటే బరాతే. మార్చిలో పత్తర్‌గట్టి బట్టల వ్యాపారి బుచ్చయ్య సేఠ్ కొడుకు పెళ్లి ఉంది. బ్యాండు బయానా అప్పటికే అందింది. బరాత్ సాయంత్రం శాలిబండ నుంచి బయలుదేరి, చార్మినార్ చుట్టి, లాడ్ బజార్ మీదుగా ఆడపెళ్లివారింటికి చేరాలి. జగన్నాథరావు గారు ఆ తేదీని ఎర్రసిరాతో గుర్తు పెట్టుకున్నారు.

ఊరేగింపులకు అనుమతి ఇచ్చే కార్యాలయం వేరే ఉంది, రంగనాథ్ అక్కడికీ వెళ్లాడు. (ఒక కార్యాలయం ఇంకో కార్యాలయంతో మాట్లాడే పద్ధతి లేదు. మాట్లాడితే రెండిట్లో ఒకటి అనవసరమని ఎవరికైనా తోచవచ్చు.) అక్కడి అధికారి వామన్‌రావు గారు తరతరాలుగా పాతబస్తీలో ఉంటున్న మనిషి. ఆయన బల్లమీద బస్తీ పటం పరిచి, కూతురి జామెట్రీ బాక్సులోని వృత్తలేఖిని తీసి ఎంతో శ్రద్ధగా సున్నాలు చుట్టడం మొదలుపెట్టారు.

గుడికి యాభై గజాల లోపల బాజా వాయించరాదు. మసీదుకూ అంతే, దర్గాకూ అంతే. దవాఖానా, బడి, జడ్జిగారి ఇల్లు, ఒకప్పటి జడ్జిగారి ఇల్లు. మార్చి కాబట్టి పరీక్షలకు చదివే పిల్లలున్న ఇళ్లు. బాలింతలున్న ఇళ్లు. ఇటీవల ఎవరైనా పోయిన ఇళ్లు. పాతబస్తీలో ఏ రెండు పుణ్యస్థలాల మధ్యా ఒక పాన్‌డబ్బాకు మించి చోటు లేదు కాబట్టి, సున్నా మీద సున్నా పడి, కాసేపటికి పటంలో దారి కనబడకుండా పోయింది.

"చూడు రంగనాథ్" అన్నారు వామన్‌రావు గారు. "నేనేం బాజాకు దుష్మన్ గాదు. మా ఇంట్ల రేడియో ఉన్నది. నీకు పర్మిషన్ ఇస్తున్న. కాకపోతే వాయించొద్దు."

"వాయించకుంటె అది పర్మిషన్ ఎట్లయితది సార్?"

"నడిచేటందుకు పర్మిషన్. బ్యాండ్ పట్టుకొని నడిచేటందుకు. వాయించనీకె అంటవా..." అని కళ్లజోడు పైకి తోసుకుని పటం మీదికి వంగారు. చాలాసేపు వెతికి ఒకచోట వేలు పెట్టారు. "గీడ. లాడ్ బజార్ల గాజుల గౌస్ భాయ్ దుకాణం ముంగట. మూడు సున్నాలు కలిసే కాడ జర్ర ఖాళీ మిగిలింది."

రంగనాథ్ చూశాడు. నిజమే. హకీంగారి దవాఖానా, బాలికల బడి, ఒక దర్గా, మూడింటి వృత్తాల మధ్యా అచ్చంగా సమోసా ఆకారంలో తెల్లకాగితం కనబడుతోంది.

"గీ సమోసల నువ్వు ఏమన్న వాయించుకో, అడిగేటోడు లేడు" అన్నారు వామన్‌రావు గారు ఉదారంగా. "కాలు బైట పెట్టినవంటె కేసు."

రంగనాథ్ గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. పదేళ్లలో తన బాణీకి ప్రభుత్వం వారు రాతపూర్వకంగా చోటిచ్చిన స్థలం అదొక్కటే. అది సమోసా అంతే అయితేనేం, తినడానికి అదే చాలనుకున్నాడు.

బుచ్చయ్య సేఠ్ ఒప్పుకోలేదు. "ఏందయ్యా, గింత దూరం బరాత్ల ఒక్క జాగల్నే బాజానా? ఆడ సుత సిన్మా పాట గాకుండ నీ పాటనా? నా ఇజ్జత్ ఏంగావాలె?"

రంగనాథ్ ఆలోచించి, "సేఠ్, తొవ్వ పొడుగునా మీరు ఏ పాటంటే గా పాట వాయిస్త. ఎన్నంటే అన్ని. ఎక్స్‌ట్రా పైసలు వద్దు. గా ఒక్క జాగ నాకిడ్వుండ్రి" అన్నాడు.

"వాయించొద్దన్నరు గద?"

"సప్పుడు రావొద్దన్నరు. వాయించొద్దని ఎవరన్నరు సేఠ్? మేం బాజాలు నోట్ల పెట్టుకొనే నడుస్తం. వేళ్లు ఆడిస్తం. దూరంకెళ్లి చూసే ఆడిపెండ్లోళ్లకు బాజా వాయిస్తున్నట్టే ఉంటది."

బుచ్చయ్య సేఠ్ వ్యాపారస్తుడు. ఎన్ని పాటలైనా అదనపు ఖర్చు లేదన్న మాట ఆయన చెవిన బాగా పడింది. అప్పటికప్పుడు కొత్తవీ పాతవీ కలిపి ఇరవైరెండు పాటలు చెప్పాడు. వాటిలో రెండు పాటలు బ్యాండుకు అసలు రావు. అయినా ఫికర్ లేదు సేఠ్ అన్నాడు రంగనాథ్.

బరాత్ రోజున సూర్యప్రభ బ్యాండు ఎర్రకోట్లు తొడుక్కుని, రెండు వరుసలుగా నిలబడి, వాద్యాలు పెదాలకు ఆనించి, బయటికి ఊపిరి వదలకుండా నడవడం మొదలుపెట్టింది. పెద్ద డోలు వాయించే సాయిలు డోలు చర్మానికి వేలెడు దూరంలో కర్ర ఆపుతూ గాలిలో కొడుతున్నాడు. నాలుగడుగులు వేసేసరికి వాడికి చెమటలు పట్టాయి.

"కొట్టుడు అల్కగుంటదన్నా" అన్నాడు సాయిలు రొప్పుతూ. "ఆపుడే పానం తీస్తున్నది."

వెనక గుర్రానికి ఏమీ అర్థం కాలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ బ్యాండు వెంట నడిచిన గుర్రం అది. మాటిమాటికీ ఆగి, చెవులు ముందుకు పెట్టి, తనకేమైనా అయిందేమోనని తల విదిలించుకునేది. పైన పెళ్లికొడుకు మాత్రం జీవితంలో మొదటిసారి బరాత్‌లో కునుకు తీశాడు.

పెళ్లికొడుకు స్నేహితులు నాట్యానికి సిద్ధపడి వచ్చినవాళ్లు. శబ్దం లేదన్న చిన్న కారణంతో వాళ్లు ఆగలేదు. ఒక్కొక్కడూ తనకు ఇష్టమైన పాటకు ఎగరడం మొదలుపెట్టాడు. ఒకడు జోరుగా, ఇంకొకడు నెమ్మదిగా, ఒక పెద్దాయన పక్కకు తప్పుకుని కళ్లు మూసుకుని ఖవ్వాలీకి తల ఊపుతూ. ఎవరి పాట వాళ్లకు దొరకడం వల్ల, ఏ బరాత్‌లోనైనా జరిగే లొల్లి ఆ బరాత్‌లో జరగలేదు.

మేనమామ ముందుకొచ్చి వేలు పైకెత్తి, "మల్లొక్కసారి" అన్నాడు. బ్యాండు మళ్లొకసారి వాయించింది.

బుచ్చయ్య సేఠ్ నడుస్తూ రంగనాథ్ పక్కకు చేరాడు. "నేన్జెప్పిన నాలుగో పాట అయిందా?"

"అయింది సేఠ్. బడి కాడ వాయించిన."

"నాకు ఇనరాలేదు."

"నాకు సుత సేఠ్."

"మంచిగ వచ్చిందా?"

"మస్తు వచ్చింది."

బుచ్చయ్య సేఠ్ తృప్తిగా వెనక్కి వెళ్లాడు.

ఈ ఊరేగింపు వెంట గొడుగు చంకలో పెట్టుకుని జగన్నాథరావు గారు నడుస్తున్నారు. అనుమతి సంగతి ఆయనకు తెలియదు. చెప్పవలసిన కార్యాలయం చెప్పదు, అడగవలసిన కార్యాలయం అడగదు. కాసేపు ఆయన తన చెవుల్లోనే ఏదో అడ్డుపడిందనుకుని వేలితో తిప్పుకున్నారు. తర్వాత సంగతేమిటో ఆయనకు మెల్లమెల్లగా వినబడసాగింది. ఒక మేడమీద ఎవరో ఎక్కాలు వల్లిస్తున్నారు. కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది. మిర్చి బజ్జీలు నూనెలో పడుతున్నాయి. టాంగా గుర్రాల డెక్కలు, దూరంగా ఎవరో నవ్వడం, లాడ్ బజార్ మలుపు తిరిగేసరికి వేల గాజులు ఒకేసారి గలగలమనడం. రెండేళ్లుగా వినే ఉద్యోగంలో ఉండి ఆయన ఏదైనా వినడం అదే మొదలు. ఆయన కళ్లు చెమర్చాయి. ఎర్రకోట్లు తొడుక్కుని, వాద్యాలు నోట్లో పెట్టుకుని, వాయించకుండా ఊరంతటినీ వాయింపజేస్తున్న ఈ మహానుభావులను ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు కనిపెట్టలేదా అని ఆశ్చర్యపోయారు. గేదెలు ఆయన మనసులోంచి ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి.

సరిగ్గా అప్పుడే బ్యాండు గౌస్ భాయ్ దుకాణం ముందుకు చేరింది. సమోసా వచ్చింది.

రంగనాథ్ కాళ్ల కింద నేల చూసుకున్నాడు. దవాఖానా గోడ ఎంత దూరమో, బడి గేటు ఎంత దూరమో కంటితో కొలుచుకున్నాడు. ఛాతీ నిండా ఊపిరి పీల్చుకున్నాడు. క్లారినెట్ పలికింది. మొదటి స్వరం, రెండోది, మూడోది. గాజుల బేరం ఆపి ఆడవాళ్లు తలలు తిప్పారు.

"ఆపండి మాస్టారూ, ఆపండి" అంటూ జగన్నాథరావు గారు గొడుగు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి పరిగెత్తుకొచ్చారు. "ఇంత గొప్పగా సాగుతున్నదాన్ని మధ్యలో ఇలా పాడుచేస్తారేమిటండీ?"

"సార్, గిదే సార్ అసలుది. గిప్పుడే మొదలైంది."

"కాదండీ, ఇప్పటిదాకా జరిగిందే అసలుది. నేను విన్నాను కదా. నా మాట వినండి, ఒక్క స్వరం కూడా కలపొద్దు."

ఇద్దరూ వాదించుకుంటున్నంతలో వెనక బరాత్ ఆగదు కదా. గుర్రం నెట్టింది, నాట్యం చేసేవాళ్లు నెట్టారు, పెట్రోమాక్స్ లైట్లవాళ్లు నెట్టారు. రంగనాథ్ మళ్లీ క్లారినెట్ ఎత్తేసరికి ఆయన కాళ్లు దవాఖానా సున్నాలో ఉన్నాయి. ఎదురుగా కానిస్టేబులు చేయి ఎత్తి నిలబడి ఉన్నాడు. రంగనాథ్ ఊపిరి లోపలే మింగాడు. అది గొంతు దాటి కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.

నెల తిరక్కముందే మండలి సమావేశమై, సూర్యప్రభ బ్యాండు వారి నిశ్శబ్దాన్ని నగరంలో వెలసిన తొలి నవ్య సంగీతంగా గుర్తించింది. దానికి అన్ని నిబంధనలూ సరిపోయాయి. అంతకుముందు దాన్ని ఎవరూ వినలేదు. ఇద్దరు గెజిటెడ్ అధికారులను కూర్చోబెట్టి వినిపిస్తే, వినసొంపుగా ఉందని, అభ్యంతరకరమైనదేదీ లేదని వెంటనే సంతకాలు చేశారు. జగన్నాథరావు గారి ఉద్యోగం ఖాయమైంది.

సన్మానం ఒక పెద్ద హాలులో పెట్టారు. నిశ్శబ్దానికి అంతరాయం కలగకుండా ఫ్యాన్లు ఆపించారు, కర్రకుర్చీలు కిర్రుమంటాయని దుప్పట్లు పరిపించారు, దగ్గు ఉన్నవారు దయచేసి రావద్దని ఆహ్వానపత్రంలోనే వేయించారు. పెద్దలంతా వచ్చి, చెమటలు కక్కుకుంటూ కళ్లు మూసుకున్నారు. వేదిక మీద శాలువా కప్పుకుని రంగనాథ్, వెనక ఎర్రకోట్లలో బ్యాండు, వాద్యాలు నోట్లో పెట్టుకుని కూర్చున్నారు.

రంగనాథ్ కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఎదురుగా చూశాడు. ఇంతమంది, ఒక్కచోట, కదలకుండా, వినడానికే వచ్చి కూర్చోవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మేనమామ ఒక్కడు కూడా లేడు. ఇక ఆగడం ఆయన వల్ల కాలేదు. కళ్లు మూసుకుని బాణీ ఎత్తుకున్నాడు. అది కిందినుంచి బయలుదేరి, మెట్లెక్కి, ఆఖరి మెట్టు దగ్గర ఆగి, మరిచిపోయినదాన్ని వెతుక్కుంటూ దిగింది. సాయిలు అడగకుండానే డోలు మీద మెత్తగా చేయి వేశాడు. పదేళ్లుగా సగంలో తెగిపోతున్న బాణీ ఆ రోజు చివరిదాకా నడిచింది. ముగిశాక రంగనాథ్‌కు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

హాలులో ఎవరూ కళ్లు తెరవలేదు. కార్యక్రమం ప్రకారం ఇంకా నిశ్శబ్దమే నడుస్తోంది.

మరునాడు మండలి నివేదికలో ఇలా రాశారు: ప్రదర్శన ఆద్యంతం రసవత్తరంగా సాగినది. మధ్యలో వాద్యమందు సాంకేతిక లోపము తలెత్తి కొంతసేపు ధ్వని వెలువడినది. కళాకారుడు త్వరలోనే కోలుకొనెను.

ఆ తర్వాత పెళ్లివారంతా రంగనాథ్ కోసం ఎగబడ్డారు. సగం రేటుకు. "మీరు వాయించకుంటెనే ఫేమస్ గద" అనేవారు.

రంగనాథ్ మళ్లీ మండలి మెట్లెక్కాడు. జగన్నాథరావు గారు తలుపు దగ్గరగా వేసి, కుర్చీ దగ్గరకు లాక్కుని, గొంతు తగ్గించారు.

"మాస్టారూ, ఆ రోజు మీకు లోపం వచ్చింది చూడండి."

"వచ్చింది సార్."

"ఆ లోపం చాలా బాగుందండీ. రాత్రంతా నాకు అదే."

"గదే సార్ నా బాణీ. గదే రాయుండ్రి మరి."

"నేను విన్నానని ఎలా రాయనండీ? నన్ను పంపింది నిశ్శబ్దాన్ని వినడానికి. మిగతావాళ్లూ అంతే. అయినా మీరు దిగులుపడకండి. ఎవరూ విన్నట్టు దాఖలా లేదు కాబట్టి మీ బాణీ ఇంకా కొత్తదే. మళ్లీ దరఖాస్తు పెట్టండి. ఈసారి నేను దగ్గరుండి చూసుకుంటాను." ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.

రంగనాథ్ దరఖాస్తు పెట్టాడు. సూర్యప్రభ ప్రమాణపత్రం పాతదే చెల్లుతుందన్నారు. ఇక మిగిలింది బాణీ ఎక్కడా బయటికి పొక్కలేదని విచారణ. మొదటి మూడు స్వరాలు గౌస్ భాయ్ దుకాణం ముందు వెలువడ్డ సంగతి రికార్డులో ఉంది కాబట్టి, విచారణ అక్కడే మొదలుపెట్టాలని జగన్నాథరావు గారు నిబంధన ప్రకారం లాడ్ బజార్‌కు వెళ్లారు.

పది రోజులకు ఇంటికి కాగితం వచ్చింది. సూర్యప్రభ వంటింటి గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమె చేతులకు కొత్త లక్క గాజులు. సన్మానం అయిన మరునాడే సంబరంగా పోయి వేయించుకొచ్చింది. రంగనాథ్ కాగితం విప్పి బయటికే చదివాడు. విచారణాధికారి సదరు దుకాణము చేరునప్పటికి, దుకాణదారు గాజులు సర్దుకొనుచు దరఖాస్తుదారుని బాణీని మొదటినుండి చివరివరకు తప్పులేకుండా కూనిరాగము తీయుచుండెను. ఎక్కడ నేర్చితివని విచారించగా, గాజులు వేయించుకొన వచ్చిన ఒక స్త్రీ పాడుచుండగా పట్టుబడినదనియు, చాలా బాగున్నది ఎక్కడిదమ్మా అని తాను అడిగితిననియు...

రంగనాథ్ చదవడం ఆపి తలెత్తాడు. బియ్యంలో ఆమె వేళ్లు ఆగిపోయాయి. గాజులు కూడా చప్పుడు చేయలేదు.

"నువ్వు పాడినవా?" అన్నాడు.

"చెయ్యి పట్టుకొని గాజులు ఎక్కిస్తుంటె నొప్పి పెట్టింది. అదే నోట్లెకెళ్లి వచ్చింది." ఆమె తల ఎత్తలేదు. "మస్తు మంచిగున్నదన్నడు గౌస్ భాయ్. ఇంకోసారి పాడమన్నడు. పాడిన."

"ఎక్కడిదని అడిగితె ఏమన్నవ్?"

"ఏమనాలె? ఇనబడ్డా నీదని గుర్తుపట్టనని దస్తఖత్ చేస్తిని గద." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఏదో సిన్మాలది అన్న."

తనకు కోపం వస్తుందేమోనని రంగనాథ్ కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. తన బాణీని ఒక మనిషి అడిగి మరీ రెండుసార్లు పాడించుకున్నాడు. ఇంట్లో మనిషి నొప్పి మరిచిపోవడానికి పాడుకుంది. ఆయన గడప మీద ఆమె పక్కనే కూర్చుని, కాగితంలో మిగిలిన రెండు వాక్యాలూ చదివాడు.

సదరు బాణీ ఏదో ఒక సినిమాలోనిదని సాక్ష్యముల వలన రుజువైనందున దరఖాస్తు తిరస్కరించడమైనది. అది ఏ సినిమాలోనిదో దరఖాస్తుదారు పదిహేను దినములలోగా మండలికి తెలియజేయవలెను.